గోడ మీద రెండు సుద్దగీతలు

మొన్న గురువారం మా అక్క కూతురు నన్ను నరసరావుపేటలో కొత్తగా తెరిచిన ఒక వంటింటి బీరువాల షోరూముకి తీసుకెళ్ళింది. అక్క అంటే నా తోడబుట్టిన అక్క కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. నలభై ఏళ్ళకు పైగా ఇద్దరం ఒకే వంటింట్లో వండుకున్నాం. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆ పిల్ల మా వెనకవీధిలోనే ఇల్లు కట్టుకుంటోంది, గోడలు లేచాయి, ఇప్పుడు వంటింటి పని మొదలుపెట్టాలి. అమ్మ ఉంటే అమ్మని తీసుకెళ్ళేదాన్ని, నువ్వు రా పిన్నీ అంది. కాదనలేకపోయాను.

షోరూములో అన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. అక్కడ పనిచేసే అతను తలుపు ఒక్కవేలితో తోసి, అది దానంతట అదే మెల్లగా వెళ్ళి చప్పుడు లేకుండా మూసుకోవడం చూపించి, పదేళ్ళ గ్యారంటీ అని చెబుతున్నాడు. నేను వింటూనే ఒక సొరుగుని పూర్తిగా బయటికి లాగాను, తిరగేశాను, అడుగున మూలని బొటనవేలితో నొక్కి చూశాను, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఇదంతా నేను చేస్తున్నానని నాకు తెలియనే తెలియదు. అతను నవ్వు ఆపుకోలేక, "ఆంటీ, అది వాసన చూసేది కాదండీ" అన్నాడు. మా పిల్ల కూడా నవ్వింది గానీ వెంటనే మొహం అటు తిప్పుకుంది. "అచ్చం అమ్మలాగే" అని మాత్రం అంది. అప్పుడు అర్థమైంది, ఆ పని చేసిన చేతులు నావే గానీ నేర్పిన మనిషి వేరని.

ఎనభైల మొదటి సంవత్సరాల్లో మా ఇల్లు కోర్టుకి దగ్గరలో ఒక సందులో ఉండేది. మావారు కోర్టులో గుమస్తా, బావగారు పత్తిమిల్లులో పని చేసేవారు, నాకు పెళ్ళైన రెండో ఏడు గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం వచ్చింది. అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, వంటిల్లు మాత్రం ఒకటే. మన తరం వాళ్ళకి ఆ వంటిళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. గోడలో తలుపులు లేని నాలుగు గూళ్ళు, పైన మసిబారిన అటక, దూలానికి వేలాడే ఉట్టి, ఉట్టి మీద పాలగిన్నె, ఆ పాలగిన్నె మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచే పక్కింటి పిల్లి. బెల్లం డబ్బాకి చీమలు, కందిపప్పుకి ఎలుకలు. ఏ వస్తువునీ పెట్టినచోట నమ్మి వదిలి వెళ్ళడానికి లేదు. ఒక వారంలో మూడోసారి పిల్లి పాలు దొర్లించాక అత్తగారు చీపురు పక్కన పడేసి, ఈ ఇంట్లో తలుపులున్న బీరువా ఒకటి చేయిస్తే గానీ నేను వంటింట్లో అడుగు పెట్టను అని తేల్చి చెప్పారు.

ఇక్కడ నా సంగతి కొంచెం దాచకుండా చెప్పాలి. అక్కది రెంటచింతల. ఐదో తరగతితో చదువు మానేసిన మనిషి, పొడగరి, గొంతు పెద్దది, మాట మొరటు. నేను బి.ఏ. చదివాను, రోజుకో పుస్తకం ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆమె నన్ను ఒక్కనాడూ చిన్నబుచ్చలేదు, కానీ ఆమె పక్కన ఉంటే నేను ఆ ఇంట్లో అతిథిలా ఉన్నాననిపించేది. ఉప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు, నేను అడగాలి. ఆ చిన్న విషయమే లోపల్లోపల పెద్దదైంది. మా సందులో వేరుపడిన కాపురాలు రెండుమూడు చూశాను. ముందు డబ్బాలు వేరవుతాయి, తర్వాత వాటిని పెట్టుకునే బీరువా వేరవుతుంది, ఆ తర్వాత పొయ్యి. పొయ్యి వేరైతే ఇక గోడ ఒక్కటే మిగులుతుంది. ఆ వరస నాకు తెలుసు, తెలిసీ మనసులో కోరుకునేదాన్ని.

బీరువా చేయడానికి అక్క ఒక సాయిబు మేస్త్రిని పిలిపించింది. వయసు మళ్ళిన మనిషి, మా ఇంట్లో అందరూ ఆయన్ని బాబాయి అనే పిలిచేవాళ్ళు. ఆయన పద్ధతి ఒకటుండేది. వంటింటి బీరువా చేసేటప్పుడు టేపు తీసేముందు ఆ ఇంటి ఆడమనిషిని గోడకి ఆనుకుని నిలబడి చెయ్యి పైకెత్తమనేవాడు. వేళ్ళు ఎక్కడికి అందితే అక్కడ సుద్దతో గీత గీసేవాడు. పై అర ఆ గీత దాటి పోకూడదు. అందని అరలో పెట్టిన వస్తువు ఇంట్లో ఉన్నా లేనట్టేనని ఆయన లెక్క. అక్క నిలబడి చెయ్యెత్తింది, గీత పడింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అప్పుడు అక్క గోడకున్న పాత మేకు చూపించి, "ఏమే బుడంకాయా, ఆ మేకు అందుద్దేమో చూడు" అంది. నేను మునివేళ్ళ మీద నిలబడ్డా అందలేదు. "మడమలు దించి చూడవే, రోజూ అట్టా ఎగురుతూ వండుతావా ఏంది" అంది. దించాను. మేస్త్రి ఏదో గీసుకుంటున్నాడు. అక్క పకపకా నవ్వుతూ, "చానా కిందే ఆగిపోయిందే నీ చెయ్యి" అంది. బయటి మనిషి ముందు నా పొట్టితనాన్ని ఎత్తి చూపించిందని నాకు మొహం మండిపోయింది. అవతలికి వెళ్ళిపోయాను. సాయంత్రం వంటింట్లోకి వస్తే గోడమీద ఒకదాని కింద ఒకటిగా రెండు గీతలు కనిపించాయి. చూశాను గానీ రెండెందుకున్నాయని ఆలోచించలేదు. కోపంలో ఉన్న మనిషి చూసేది వేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, మా సామాను మాకు విడిగా ఉంటే శుభ్రంగా ఉంటుంది, నాకు వేరే బీరువా కావాలి అన్నాను. ఆ మాటకి అర్థం ఏమిటో అక్కడ కూర్చున్న ఐదుగురికీ తెలుసు. బావగారు మజ్జిగ గ్లాసు కిందపెట్టారు. మావారు తల దించుకుని అన్నం కలుపుతూనే ఉన్నారు. అత్తగారు అక్క వైపు చూశారు. అక్క మాత్రం, "దానికేందిలే, కొనుక్కోనీయండి, ఎవరి బీరువా వాళ్ళు చూసుకుంటారు" అని నాకు ఇంకో గరిటె కూర వేసింది.

నేను ఆదివారమే బజారుకి వెళ్ళి కొన్నాను. వారపత్రికల్లో పట్నం వంటిళ్ళ బొమ్మలు చూసి చూసి నా మనసులో బీరువాకి ఒక రూపం ఏర్పడిపోయి ఉంది. దుకాణంలో సరిగ్గా అలాంటిదే కనిపించింది. తెల్లటి సన్‌మైకా మీద నీలం పూలు, గాజు పిడులు, లోపల గులాబీరంగు పెయింటు. దుకాణదారు తడిగుడ్డతో తలుపు తుడిచి చూపించాడు, కొత్త పళ్ళెంలా మెరిసింది. అది చాలనుకున్నాను. లోపల చెయ్యి పెట్టి చూడాలని గానీ, గోడవైపు ఉండే పక్క ఒకసారి తిప్పి చూడాలని గానీ తోచలేదు. రిక్షా మీద ఇంటికి వస్తుంటే సందులో వాళ్ళంతా బయటికి వచ్చి చూశారు. అక్క కూడా వచ్చి పూలమీద చెయ్యి పెట్టి, బాగుందే అంది. తలుపు సగం తెరిచి వదిలేసింది. అది దానంతట అదే ఊగుతూ వెళ్ళి గోడకి తగిలింది. అక్క నా మొహం చూసి, మళ్ళీ దగ్గరికి వేసింది.

ఆమె బీరువా మాత్రం ఒక పట్టాన రాలేదు. వాళ్ళ నాన్న చేలో కొట్టిన వేపమాను దుంగ ఒకటి రెండేళ్ళుగా పడి ఉందట, దాన్ని బండిమీద తెప్పించింది. మేస్త్రి సందేహపడితే, "రెండు రెంటచింతల ఎండలు తిన్న కర్ర బాబాయ్, ఇంక పగలడానికి దానికేం మిగల్లేదు" అందట. మా ఊళ్ళ ఎండల సంగతి తెలిసినవాళ్ళకి ఆ మాట గ్యారంటీ కాగితం కంటే ఎక్కువ. కోతమిల్లులో పలకలు కోయించాక వారానికోసారి మేస్త్రి పందిట్లోకి వెళ్ళి కూర్చునేది. రెండుసార్లు నన్ను కూడా తోడు తీసుకెళ్ళింది. నేను చేతిలో పుస్తకం పెట్టుకుని, చూడనట్టే కూర్చుని అన్నీ చూసేదాన్ని. పలకని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేది. గోరుతో గీరి వాసన చూసేది. అంచుల్లో తెల్లగా ఉన్న లేతచెక్క ఎంత మేర ఉందో చూసి, ఇక్కడిదాకా తీసేయి బాబాయ్, పురుగు మొదలయ్యేది ఇక్కడే అనేది. కోసి పారేసిన ముక్క ఒకటి ఇంటికి తెచ్చి చెంబులో నీళ్ళల్లో రెండురోజులు పడేసి, ఉబ్బిందా లేదా అని చూసేది. ఒకసారి ఒక బందుకి కొట్టిన స్క్రూ తలమీద గీత చెదిరి ఉంటే, దీన్ని తిప్పలేదు, సుత్తితో దిగ్గొట్టారు, తీసి మళ్ళీ వెయ్యి అని పట్టుబట్టింది. మేస్త్రి నొచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నవ్వి, "ఈమె ఇంటికి పని చేయడం కంటే పరీక్ష రాయడం తేలిక" అని నాతో అని, స్క్రూ తీశాడు.

వానలు పడ్డాయి. నా బీరువా తలుపులు ముందు బిగుసుకున్నాయి, తర్వాత అసలు పడకుండా పోయాయి. సన్‌మైకా కింద గాలి చేరి నీలం పూలు ఉబ్బాయి. పెరుగుకి జిగురు వాసన పట్టింది. మావారు రెండురోజులు తిని, మూడోరోజు మజ్జిగ వద్దన్నారు. అయినా నేను ఒప్పుకోలేదు. అటక మీదున్న పండుమిరపకాయల పచ్చడి జాడీని, ఏడాదికి సరిపడా పెట్టిన జాడీని, తెచ్చి నా బీరువాలోనే పెడతానని పంతం పట్టాను. నా బీరువా కూడా ఈ ఇంటి బరువు మోస్తుందని చూపించుకోవాలని కాబోలు. పెట్టిన నాలుగోరోజు ఆదివారం మధ్యాహ్నం, అందరం వసారాలో కూర్చుని ఉండగా లోపల పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే అర మధ్యకి విరిగి, కింది తలుపు ఊడి, వంటింటి నేలంతా ఎర్రగా ఉంది. అత్తగారు గుమ్మంలో నిలబడిపోయి, "ఏందమ్మా ఇది, పెళ్ళిపందిరి విప్పిన చెక్కతో చేశాడా వాడు" అన్నారు. నేను ఏడవకూడదని గట్టిగా అనుకుని చీపురు కోసం వెతుకుతున్నాను. అక్క అప్పటికే పైటచెంగు దోపుకుని నేలమీద కూర్చుంది. "నువ్వు రాబాకు, గాజుపిడులు పగిలున్నాయి, కాలు తెగుద్ది" అంది. సాయంత్రం దాకా ఇద్దరి చేతులూ మండుతూనే ఉన్నాయి. ఒకే గిన్నెలో మజ్జిగ పోసి నాలుగు చేతులూ అందులో పెట్టుకుని కూర్చున్నాం. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. విరిగినదాన్ని ఎత్తి గోడవైపు ఉన్న పక్కని వెలుగులోకి తిప్పాడు. వెనక పలక ఏదో సరుకు వచ్చిన ప్యాకింగు పెట్టెది. దానిమీద, ఈ వైపు పైకి ఉండాలి అని ఇంగ్లీషు అక్షరాలు, పక్కన బాణం గుర్తు, ఇంకా అలాగే ఉన్నాయి. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి, బాణం నేల చూస్తోంది. "అమ్మాయ్, పుస్తకాల ఆఫీసులో పనిజేస్తావు గదా, ఇది చదవలా?" అన్నాడు. అక్క ఆయన్ని కసిరింది గానీ, నాకే నవ్వు వచ్చేసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ ఇంట్లో మనసారా నవ్వడం అదే.

వినాయకచవితి వెళ్ళాక ఆమె బీరువా వచ్చింది. నలుగురు మోశారు. రంగు లేదు, పూలు లేవు, నున్నగా చిత్రిక పట్టిన వేపచెక్క, మధ్యలో ఒక నిలువు పలక, అటొక తలుపు ఇటొక తలుపు. అక్క ఎడమవైపు తలుపు తెరిచి, బందులు వంకర లేకుండా పడ్డాయో లేదో చూడటానికి సగంలో వదిలి, అది కదలకుండా నిలబడటం చూసి తృప్తిపడి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కుడివైపు తలుపు తీశాను. అరలు ఎడమవైపు ఉన్న ఎత్తులో లేవు. అన్నీ కిందికి ఉన్నాయి. అనుకోకుండా చెయ్యి పైకెత్తాను. మడమలు నేలమీదే ఉన్నాయి. నా వేళ్ళు పై అర అంచుకి సరిగ్గా తగిలాయి.

గోడ వైపు చూశాను. రెండు సుద్దగీతలూ ఇంకా అక్కడే ఉన్నాయి. పైది ఆమెది. కిందది నాది. మేకు అందుద్దేమో చూడమన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. మేస్త్రి మేకులు ఏరుకుంటూ గొంతు తగ్గించి చెప్పాడు. నేను విడిగా కొనుక్కున్నాక, ఇంక ఆ రెండోవైపు ఎందుకమ్మా, చెక్కా కూలీ దండగ అని ఆయన అడిగాడట. "ఉండనీ బాబాయ్" అందట. అంతే.

ఆ మధ్యాహ్నమే నా డబ్బాలు తెచ్చి కుడివైపు సర్దుకున్నాను. అక్క వెనక్కి తిరిగి చూడకుండానే, "చింతపండు కింద పెట్టబాకు, చెమ్మకి బూజు పడుద్ది" అంది. వేరుపడే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. నా నీలంపూల తలుపు ఒకటి పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్ళి కోళ్ళగూటికి పెట్టుకున్నారు, చాలా ఏళ్ళు దాన్ని చూస్తూ బస్టాండుకి నడిచాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకసారి, ఆ రెండోవైపు ఎందుకు ఉంచావక్కా అని అడిగాను. "ఏందే, చెక్క కలిసొచ్చింది, వాడు రెండు తలుపులు పెట్టాడు" అని చేట అందుకుంది. నేను చదివిన పుస్తకాల్లో మంచితనం గురించి చాలా రాసి ఉంది. దాన్ని ఇంత దాచిపెట్టుకున్న మనిషిని మాత్రం నేను వంటింట్లోనే చూశాను.

ఆ బీరువా ఇప్పటికీ ఉంది. చెక్క నల్లబడింది గానీ తలుపు సగంలో వదిలితే ఇప్పటికీ అక్కడే నిలుస్తుంది. అక్క పోయాక ఎడమవైపు తెరవలేదు నేను. తెరిచినా పై అర నాకు అందదు. పోయిన నెల ఆమె కూతురు వచ్చి, స్టూలు అక్కర్లేకుండానే చెయ్యెత్తి, ఆ అరలో ఉన్నవి దించింది. రెండు ఖాళీ సీసాలు, ఒక చింతపండు డబ్బా. డబ్బా మూత తీసి ఇద్దరం వాసన చూశాం. బూజు లేదు.

షోరూము నుంచి మేం ఆరోజు ఏదీ కొనకుండా వచ్చేశాం. రెండు రకాల పలకల కోతముక్కలు మాత్రం అడిగి తెచ్చుకున్నాం, ఒకటి అద్దంలా మెరిసేది, ఒకటి మెరుపు లేనిది. చెంబు బదులు గాజుగ్లాసులో వేశాం. రెండురోజులకి మెరిసే ముక్క అంచులు ఉప్మారవ్వలా పొంగి విడిపోయాయి, రెండోది అలాగే ఉంది. నిన్న మళ్ళీ వెళ్ళి ఆ రెండోది కావాలని చెప్పాం. కొత్తవన్నీ పనికిరానివని నేను అనను. ఆ మెత్తటి తలుపు నాకు నచ్చింది, అక్క అయితే సగంలో నిలవని తలుపేం తలుపు అని వాదం పెట్టుకునేది. ఒక్కటే వెలితిగా అనిపించింది. ఇప్పుడు అరల ఎత్తు ఎక్కడో దూరాన, వండబోయే మనిషిని చూడకుండానే తేలిపోతోంది. అందరికీ ఒకే కొలత. మా మేస్త్రి ఉంటే, ఎవరి చెయ్యి ఇది అని అడిగేవాడు.

అదే మాట నేను షోరూము అతన్ని అడిగాను. అన్నీ స్టాండర్డు సైజేనండీ అన్నాడు. కాసేపు ఆలోచించి, బిగించేవాళ్ళకి చెబితే దించి పెడతారు గానీ, కొలత మీరే ఇవ్వాలి అన్నాడు. మా పిల్ల సంచిలోంచి పెన్సిలు తీసింది. అది వాళ్ళమ్మలా పొడగరి, తన చెయ్యెత్తి అక్కడున్న తెల్లగోడ మీద ఒక గీత గీసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా ఎత్తు పిన్నీ, పొయ్యి పక్కన అరలు నీకే" అంది. నీ ఇంట్లో నాకెందుకే అనబోయాను.

మడమలు నేలకి ఆనించి చెయ్యెత్తాను. వయసు మీదపడి, అప్పటికంటే రెండు వేళ్ళు కిందే ఆగిపోయింది. ఆ పిల్ల సరిగ్గా అక్కడే గీత గీసింది.